చిరుతపులి వెనక కార్ఖానా కూత

టీవీ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను వాళ్ల కాలేజీలకు పిలుస్తుంటారు. ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, అన్నేళ్లు ప్రకృతి చానల్లో పనిచేశారు కదా, ఎన్ని పులుల్ని చూశారు?" ఒక్కదాన్నీ చూడలేదంటే నమ్మరు. నేను పనిచేసింది రాయపూర్‌లో కిటికీ లేని గదిలో. బయట వాన పడుతుందో, ఎండ కాస్తుందో క్యాంటీన్ వాడు టీ తెచ్చినప్పుడు వాడి చొక్కా చూసి తెలుసుకునేదాన్ని. నన్ను కరిచిన అడవి జంతువు ఒక్కటే, ఎడిటింగ్ గదిలో వైర్లు కొరికే ఎలుక.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం నాలుగు మాటలు రాయమన్నారు. ఎప్పుడు చేరాను, ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారాను అనే సంగతులు వదిలేస్తున్నాను. అవి నాకే గుర్తులేవు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ పనిలో నాకు అర్థమైనదానికంటే అర్థం కానిదే ఎక్కువ. మా చానల్ ఎవరి కోసం పెట్టారో, జనం ఎందుకు చూశారో, ఎందుకు మానేశారో నన్నడిగితే చెప్పలేను. ఒక్క సంగతి మాత్రం మరిచిపోలేను. ఆ చానల్లో వినబడిన ఒక కూత వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది, నాకు ఒక అన్న దూరమయ్యాడు. దాని చుట్టూనే రాస్తాను.

ప్రకృతి అంటే ఏమిటి?

మా నాన్న వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్. పాలకొండ దగ్గర పల్లె నుంచి వచ్చి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టర్ తీసుకున్నాడు. నేను పుట్టింది, పెరిగింది ఆ క్వార్టర్లోనే. ఇంట్లో సిక్కోలు తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నేర్చుకున్నాను. పెళ్లికొడుకు బొమ్మని గులాబీ పువ్వులోంచి బయటికి తీయడం అప్పట్లో పెద్ద విద్య.

కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. రాయపూర్ రాజధాని అయింది. ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఊళ్లో అందరికీ ఉబలాటం. రైస్ మిల్లులున్న ఒక సేఠ్‌జీ ముంబయిలో ఏదో హోటల్ గదిలో విదేశీ జంతువుల చానల్ చూశాడట. "మన రాష్ట్రంలో సగం అడవే. వాళ్లకున్నప్పుడు మనకెందుకు లేదు?" అన్నాడు. అంతే, చానల్ పుట్టింది. దాని అసలు పేరు సంస్కృతంలో చాలా పొడుగ్గా ఉండేది. జనం దాన్ని జంగల్ చానల్ అనేవాళ్లు. మేమూ అదే అనేవాళ్లం.

చేరిన మొదటి వారంలోనే నాకు తల తిరిగింది. సేఠ్‌జీకి ప్రకృతి అంటే ఆవు, తులసికోట. మా ప్రోగ్రాం హెడ్ సక్సేనా గారు ఢిల్లీ నుంచి వచ్చాడు, ఆయనకి ప్రకృతి అంటే పులి, అదీ వేటాడుతున్న పులి. ప్రకటనలు తెచ్చే కుర్రవాళ్లకు ప్రకృతి అంటే బోరు పంపులు. ముగ్గురూ ఒకేరోజు మూడు రకాలుగా చెప్పేవాళ్లు. నేను ముగ్గురికీ "జీ సర్" అని, ఉన్న క్యాసెట్లలోంచి ఏది చేతికొస్తే అది వేసేదాన్ని. ఒక పొద్దున్న ఆవు, ఆ వెంటనే మొసలి, మధ్యలో బోరు పంపు. ఎవరూ ఏమీ అనలేదు. చూస్తున్నవాళ్లు లేరేమో అనుకున్నాను. కానీ మా కాలనీలో ప్రతి ఇంట్లో అదే నడిచేది.

ఎందుకో మా అమ్మనడిగాను. అమ్మకు హిందీ రాదు. "ఏటే, అందులో మాటల్లేవు కదా. ఏ బాసోలైనా సూడొచ్చు," అంది. వ్యాఖ్యానం చెప్పేవాళ్లు ఇంకా దొరకలేదని మేము ఉత్త చప్పుళ్లతో నడుపుతున్నాం. అది మా లోపం అనుకున్నాం. చూసేవాళ్లకు అదే నచ్చింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. మీరు గొప్పగా చేశామనుకున్నది ఒకటి, ఇంట్లో నడిచేది మరొకటి. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయో చెప్పగలిగినవాణ్ని నేను చూడలేదు.

ఏనుగు నమిలే క్యాబేజీ

అడవి బొమ్మల గురించి ఒక నిజం చెబుతాను. జంతువుని చాలా దూరం నుంచి తీస్తారు. బొమ్మ దగ్గరగా కనిపిస్తుంది గానీ చప్పుడు రాదు. కెమెరామన్ దగ్గు, జీపు డ్రైవర్ ఆవలింత, ఇవే టేపులో ఉంటాయి. చప్పుడంతా తర్వాత స్టూడియోలో పెట్టాల్సిందే. మా చానల్లో ఏనుగు చెట్టు కొమ్మ విరిచి నమిలిందంటే, అది శాస్త్రి బజార్లో కొన్న క్యాబేజీ. జింక పరిగెత్తిందంటే కొబ్బరి చిప్పలు. ఇది మోసమా? చాలాసార్లు ఆలోచించాను. క్యాబేజీ లేకపోతే ఏనుగు మూగగా నమిలేది, అది ఇంకా పెద్ద అబద్ధం కదా అనిపించేది. మర్నాడు మళ్లీ అనుమానం వచ్చేది.

ఈ చప్పుళ్లన్నీ తయారుచేసేది జోసెఫన్న. మా వరసలోనే ఆరో క్వార్టర్ వాళ్లది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. వాళ్లమ్మ రైల్వే ఆస్పత్రిలో నర్సు, నాన్న మా నాన్నతోపాటే షాపులో. జోసెఫన్న చర్చిలో మైకు సెట్లు సర్దుతూ చప్పుడు పని నేర్చుకున్నాడు. నన్ను ఈ చానల్లో చేర్పించింది కూడా ఆయనే. మహా కోపిష్ఠి, అంతకంటే బద్ధకస్తుడు. కానీ చెవి మాత్రం చెవే. ఫ్యాను ఏ స్పీడులో తిరుగుతోందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆయనకున్న గర్వమంతా ఆ రెండు చెవుల మీదే. "రాజీ, నువ్వు కళ్లతో బతుకుతావు, నేను చెవుల్తో బతుకుతాను. కళ్లు మూసుకోవచ్చు, చెవులు మూసుకోలేం. అందుకే నా పనే కష్టం," అనేవాడు.

ఒక వానాకాలం, సక్సేనా గారు ఎంతో మోజుపడి చిరుతపులి సినిమా తీయించాడు. అరగంట. తెల్లవారుజామున చిరుత ఒక మడుగు దగ్గరికి వచ్చి నీళ్లు తాగుతుంది, అంతే కథ. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. దాని కింద పెట్టడానికి తెల్లవారుజామున అడవి చప్పుడు కావాలి. జోసెఫన్నని ఊరికి దూరంగా ఉన్న బార్ అడవికి వెళ్లమన్నారు. వెళ్లాడు. దారిలో వాన కురిసి మైకు తడిసింది, తిరిగొచ్చేశాడు. మరో మైకు తీసుకుని మర్నాడు మా కాలనీ వెనక ఉన్న డబరీకి వెళ్లాడు. డబరీ అంటే ఇక్కడి మాటలో చిన్న చెరువు. తొలకరి వానకి అక్కడ కప్పలు, నీటికోళ్లు గోల గోలగా ఉండేవి.

టేపు తెచ్చి నా బల్ల మీద పడేసి, దాచకుండా చెప్పాడు. "అడవి కాదు, మన డబరీ. కప్పకి అడవని తెలుసా, కాలనీ అని తెలుసా?"

"మరి కార్ఖానా కూత?" అని అడిగాను. షాపులో షిఫ్టుకి పొద్దున్నే సైరన్ మోగుతుంది. కాలనీలో అందరూ దాన్ని కూత అనేవాళ్లు. మాతో పనిచేసే హిందీవాళ్లు భోంపూ అనేవాళ్లు.

"నేను కాలనీలో పుట్టినోణ్నే. టేపులో కూత పడితే నాకు వినబడదా? నాకు చెప్పొచ్చావా?" అని కసిరాడు.

నేను ఆ టేపుని చిరుతపులి కింద పెట్టి మిక్స్ చేశాను. ఇద్దరం కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాం. మళ్లీ విన్నాం. కప్పలు, నీళ్లు, దూరంగా ఏదో పిట్ట. చాలా బాగుంది. సక్సేనా గారిని పిలిచి చూపించాం. చిరుత తల ఎత్తే చోట ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"వాహ్! అదేం అరుపు? దుప్పిదా? పులి వాసన పసిగట్టి అరిచిందన్న మాట. అలాగే ఉంచండి."

నేనూ జోసెఫన్నా మొహమొహాలు చూసుకున్నాం. మాకే దుప్పీ వినబడలేదు. కానీ పై అధికారి మెచ్చుకున్నప్పుడు ఏది మెచ్చుకున్నారని అడగకూడదనేది ఈ పనిలో అందరూ మొదట నేర్చుకునే తెలివి. అది తెలివి కాదు. అడగండి. ఎంత చిన్నవాళ్లయినా అడగండి. ఆవేళ నేను ఒక్కమాట అడిగి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

ఆ సాయంత్రం కాలనీలో

సినిమా వేసింది సాయంత్రం, అందరూ టీలు తాగే వేళ. నేను ఆఫీసు నుంచి అప్పుడే ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. టీవీ ముందు మా అమ్మ, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు. చిరుత నీళ్లు తాగింది, తల ఎత్తింది. అమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఓలమ్మో! ఆ కూత మన కార్ఖానాదే! సిరతపులి మన డబరీకాడికి వొచ్చీసినాదే!"

నాకేమీ అర్థం కాలేదు. "ఏ కూతమ్మా?" అన్నాను.

"ఇనబడ్డం లేదేటే నీకు? పొద్దుటి కూత సందేళ మోగితే!"

బయటికి వస్తే వరసలో ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు, మా అమ్మానాన్నల్లా వేరే ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు. పొద్దున్న కూత వినడం వాళ్లకు రోజూ ఉన్నదే. అన్నం డబ్బా కట్టడం, మొగుణ్ని లేపడం, పిల్లల్ని స్కూలుకి తరమడం అన్నీ దాంతోనే. ఆ కూత సాయంత్రం పూట, అదీ పులి వెనకనుంచి వినబడేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు. పులి ఎక్కడుంది అనే ప్రశ్నకు వాళ్లందరికీ ఒకే జవాబు తట్టింది. కూత వినిపించేంత దూరంలో.

ఎవరో పిల్లల్ని లోపలికి తోశారు. ఎవరో మంచం కోళ్లు ఊడదీసి చేతబట్టారు. ఎదురు క్వార్టర్లో ఉండే ఛత్తీస్‌గఢీ ముసలాయన, "తెందువా ఆగే! భాగో!" అని కేకలేస్తూ వీధి వీధీ తిరిగాడు. ఇక్కడి మాటలో తెందువా అంటే చిరుతపులే, ఆగే అంటే వచ్చేసింది. కేకలేసే ఉత్సాహంలో ఆయన డబరీ వైపే పరిగెత్తాడు, జనం పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దుటి షిఫ్టుకి మా వరసలోంచి మగవాళ్లు ఒంటరిగా కదల్లేదు. గుంపుగా, పళ్లాలు వాయించుకుంటూ వెళ్లారు. పండగలకు కూడా అంత మందిని కలిసి నడవగా నేను చూడలేదు.

అటవీ శాఖ వాళ్లు వచ్చారు. డబరీ గట్టున ఒక అడుగుజాడ దొరికింది. ఒకాయన చిరుతదే అన్నాడు. రెండో ఆయన లకడ్‌బగ్గా, అంటే దుమ్ములగొండి అన్నాడు. మూడో ఆయన మా వరస కుక్క కాలు చూపించి ఊరుకున్నాడు. నిజంగా ఏదైనా వచ్చిందా? ఇప్పటికీ తెలియదు. రాలేదనే నేను అనుకుంటాను గానీ, అమ్మ పోయేదాకా ఒప్పుకోలేదు. "టీవీలో సూపించినారు కదే," అనేది. ఆ టీవీలో చూపించింది నేనేనమ్మా అంటే, "నువ్వు సూపిస్తే మాత్రం అబద్ధం ఎందుకవుద్ది?" అనేది.

ముల్లు లేచింది

సినిమా వేసిన మర్నాడే సేఠ్‌జీ గదిలో పంచాయితీ. టేపు పెట్టారు. చిరుత తల ఎత్తే చోట సక్సేనా గారు చప్పుడు కొలిచే మీటర్ చూపించాడు. "ఇదిగో, ఇక్కడ."

అందరికీ వినబడింది. సేఠ్‌జీకి, గుమాస్తాకి, టీ తెచ్చినవాడికి కూడా. రాయపూర్‌లో వేరే వేరే పేటల్లో పెరిగినవాళ్లు వాళ్లంతా. నాకు మాత్రం కప్పలే వినబడ్డాయి. కానీ మీటర్లో ముల్లు లేవడం చూశాను. సాఫీగా లేచి, అలాగే నిలబడి, సాఫీగా దిగింది. కప్ప అరిస్తే ముల్లు అలా లేవదు. నేను కళ్లతో బతికేదాన్ని. "ఉంది సర్," అన్నాను.

జోసెఫన్న నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

"నా టేపులో కూత లేదు," అన్నాడు. "నేను రెండు చెవులతో విన్నాను. కూత వినబడని సౌండ్ మనిషినా నేను? మిక్స్ చేసింది రాజీ. దుప్పి అరుపు బాగుందని మెచ్చుకుంది సక్సేనా సార్. అరుపు కావాలని ఈయన అడిగుంటాడు, ఈవిడ లైబ్రరీలోంచి ఏదో తీసి పెట్టుంటుంది. అసలు టేపు వినిపించండి, తెలిసిపోద్ది."

అసలు టేపు వెతికాం. దొరకలేదు. ఆ రోజుల్లో పని అయిన టేపు మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లం, అలా చెరిగిపోయి ఉంటుందనుకున్నాం. కాలనీకి, అటవీ శాఖకి సమాధానం చెప్పడానికి సేఠ్‌జీకి ఎవరో ఒకరు కావాలి. అడవికి పంపితే డబరీకి వెళ్లాడనే మాట సులువుగా దొరికింది. జోసెఫన్నని తీసేశారు.

నేను వాళ్లింటికి వెళ్లాను. "అన్నా, నేను ఏమీ పెట్టలేదు," అన్నాను.

"మరి ఉందని ఎందుకు చెప్పావ్? విన్నావా?"

"వినలేదు. ముల్లు లేచింది, చూశాను."

"వినలేదు గానీ ఉందంటావ్. పెట్టినోళ్లకే అలా తెలుస్తది." తలుపు వేసేశాడు. ఉద్యోగం పోయినందుకు ఆయనకి అంత బాధ లేదు. కూత వినబడని సౌండ్ మనిషి అని ఊరంతా నవ్వడమే ఆయన భరించలేకపోయాడు. నేను పెట్టానని నమ్మితేనే ఆయన చెవులు ఆయనకి దక్కుతాయి. ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు. కోపమొచ్చి ఏడ్చాను, అంతే. ఆ తర్వాత ఆయన క్వార్టర్ ఖాళీ చేసి ఊరి బయటున్న ధర్సీవా వైపు వెళ్లిపోయాడు. పెళ్లిళ్లకి, చర్చిలకి మైకు సెట్లు పెట్టుకుని బతుకుతున్నాడని విన్నాను. కాలనీ పెళ్లిళ్లలో ఎదురుపడితే స్పీకర్ వెనక్కి వెళ్లి నిలబడేవాడు.

తర్వాత వచ్చిన పులులు

అంత గొడవ జరిగితే చానల్ మూతపడుతుందనుకున్నాను. తలకిందులుగా జరిగింది. అంతమంది ఎప్పుడూ చూడలేదట. సేఠ్‌జీ నన్ను పిలిచి, "బేటీ, అలాంటిది ఇంకోటి చెయ్యి," అన్నాడు. ఎలాంటిది? పులి కావాలా, భయం కావాలా, కూత కావాలా? అడిగాను. "వహీ, అలాంటిది," అన్నాడు. నేర్చుకున్న పాఠం వాడదామని అడిగితే దానికీ ఫలితం లేకపోయింది.

మూడు నెలలు ఇళ్లలో దూరే పాములు చూపించాం. తర్వాత ఒక కొత్త హెడ్ వచ్చి ఏ మొక్క ఏ మూల పెడితే ఇంటికి మంచిదో చూపించాడు. ఇంకొకాయన వచ్చి మాటలు పెట్టించాడు, గంభీరమైన గొంతుతో, "ప్రకృతి కా రహస్య" అంటూ. ఆ రోజునుంచి మా అమ్మ చానల్ మార్చేసింది. తర్వాత సెట్‌టాప్ బాక్సులొచ్చాయి. మా చానల్ నంబరు మారింది, మళ్లీ మారింది, ఒకరోజు ఎక్కడుందో మాకే దొరకలేదు. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. ప్రతివాడూ వాళ్ల పెరట్లో పాముని వాడే తీసి పంపుకుంటున్నాడు. కరోనా ముందో వెనకో, సేఠ్‌జీ కొడుకు స్టూడియోని బియ్యం గోడౌన్‌గా మార్చాడు. దేని మీద మొదలైందో దాని కిందికే వెళ్లిపోయింది.

మంచి అధికారి ఎవరని పిల్లలు అడుగుతారు. సక్సేనా గారు చెడ్డవాడు కాదు. ఆయనకి బొమ్మంటే నిజంగా ప్రేమ. కానీ తాను మెచ్చుకున్న దుప్పి దుప్పి కాదని తెలిసిన రోజు, "నేనూ విన్నాను, నేనే ఉంచమన్నాను" అని ఒక్కమాట అంటే జోసెఫన్న మిగిలేవాడు. ఆయన అనలేదు. మీ పైవాడు ఎంత తెలివైనవాడో చూసుకోకండి. తప్పు జరిగిన రోజు ఏ వైపు నిలబడతాడో చూసుకోండి.

జంగల్, జంగల్ కొత్తది

నేను ఇంటిపట్టున ఉన్న మొదటి ఏడాది, బెంగళూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఊళ్ల చుట్టూ పూర్వం ఉండే కప్పల అరుపులు పోగుచేస్తోందట. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని నాకు తెలియదు. సేఠ్‌జీ కొడుకు గోడౌన్ మూలన పడున్న మా టేపుల్ని ఆ అమ్మాయికి ఇచ్చేశాడు.

"ఆంటీ, వీటి మీద జంగల్, జంగల్ కొత్తది, జంగల్ ఫైనల్ అని ఉందంతే. ఏ అడవో లేదు. ఎక్కడిదో తెలియని అరుపు మాకు పనికిరాదు," అంది.

నాకు సిగ్గేసింది. మా లెక్కలో అడవంటే అడవే, దానికో ఊరుంటుందని మేమెప్పుడూ అనుకోలేదు. అన్నేళ్ల పనిలో ఇది ఎక్కడిదని ఒట్టేసి చెప్పగలిగింది ఒక్కటైనా ఉందా అని ఆలోచనలో పడ్డాను. నాలుగు రోజులకి మళ్లీ ఫోన్.

"ఆంటీ, ఒక్క టేపు దొరికింది! మొదట ఎవరో తెలుగులో 'జోసెఫ్, టేక్ ఒకటి' అంటారు. తర్వాత కప్పలు. తొలకరికి మాత్రమే నేలలోంచి పైకొచ్చే గుండ్రటి కప్ప ఒకటుంటుంది, అది స్పష్టంగా ఉంది. మధ్యలో పెద్ద సైరన్. అదేదో మీకేమైనా తెలుసా?"

నేను మంచం మీద కూర్చుండిపోయాను. చెరిగిపోలేదు. ఎవరూ కలపని, ఎవరూ కోయని అసలు టేపు.

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, వెనక డబరీ, పొద్దుటి షిఫ్టు అని చెప్పాను. ఆ అమ్మాయి సంతోషానికి అంతులేదు. డబరీని పూడ్చేసి చాలా ఏళ్లయింది. అక్కడ ఆ కప్ప ఉండేదని చెప్పడానికి ఈ టేపు తప్ప ఏమీ లేదట. సైరన్ లేకపోతే ఇదీ జంగల్ ఫైనల్ కింద పోయేది. మా చానల్ చూపించిన అన్నిట్లోకీ పెద్ద తప్పే, ఇది ఫలానా చోటిది అని తేల్చుకోగలిగిన ఒకే ఒక్క ముక్కగా మిగిలింది. సంతోషించాలో నవ్వాలో తెలియలేదు. ఆ ముక్కని నా ఫోన్‌కి పంపమన్నాను.

ధర్సీవాలో

బస్సు దిగి, ఫ్యాక్టరీల పొగ కిందుగా నడిచి వాళ్లిల్లు పట్టుకున్నాను. జోసెఫన్న వరండాలో పాత స్పీకర్ విప్పి కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"అన్నా, నీ అసలు టేపు దొరికింది," అన్నాను.

చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "విన్నావా?"

"లేదు. నీతోపాటే విందామని."

నిజంగానే వినలేదు. ధైర్యం చాలలేదు. వరండా మెట్టు మీద కూర్చుని ఫోన్ మా ఇద్దరి మధ్య పెట్టాను. "జోసెఫ్, టేక్ ఒకటి." పడుచు గొంతు, ఆయనదే. ఆయన ఉలిక్కిపడి, తర్వాత చిన్నగా నవ్వాడు. కప్పలు మొదలయ్యాయి. మా డబరీ, మా వాన. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. అమ్మ, నాన్న, ఆరో క్వార్టర్, అన్నీ కళ్ల వెనక తిరిగాయి. అయిపోయింది.

"చూశావా?" అన్నాడు. "కప్పలు తప్ప ఏమీ లేవు. నేను చెప్పానా, లేదా?"

సైరన్ ఉందని ఆ అమ్మాయి అంత గట్టిగా చెప్పింది. అదే చూపించడానికి ఇంతదూరం వచ్చాను. కానీ నాకూ ఏమీ వినబడలేదు. వేరే టేపు పంపిందా? నాకేమైనా అయిందా?

లోపల్నుంచి ఆయన భార్య ఎస్తేరు వదిన టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడది తెనాలి, పెళ్లయ్యాకే కాలనీకి వచ్చింది.

"ఏంటండీ, ఇప్పుడు మోగింది కార్ఖానా కూత కదా? ఎన్నాళ్లకి విన్నాను!"

"ఎక్కడ మోగిందే?" అన్నాడు జోసెఫన్న.

"ఎక్కడేంటి? చెవులు గింగిర్లెత్తేలా మోగితేను! కాపరానికొచ్చిన కొత్తల్లో దీనికి రోజూ పొద్దున్నే అదిరిపడేదాన్ని. మీ కాలనీలో పుట్టినోళ్లు ఉయ్యాల్లోంచీ విని విని ఒక్కరూ తలెత్తేవాళ్లు కాదు."

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. నా వైపు తిరిగాడు.

"రాజీ, నీకు వినబడిందా?"

వినబడిందని చెబితే నేను వచ్చిన పని అయిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదన్నా. కప్పలే."

"ఒట్టు?"

"అమ్మ మీద ఒట్టు. ఆ రోజూ వినబడలేదు, ఈ రోజూ వినబడలేదు."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"మరి వినబడని దాన్ని నువ్వెలా పెడతావే, పిచ్చిదానా?"

నేను ఏడుస్తుంటే వదిన టీ గ్లాసు నా చేతిలో పెట్టి, ఏమైందేమైందని ఇద్దర్నీ మార్చి మార్చి అడిగింది. ఆయన ఆవిణ్ని తన పక్కన మెట్టు మీద కూర్చోబెట్టాడు.

"ఇంకోసారి పెట్టు, రాజీ. కూత వచ్చినప్పుడు ఎస్తేరు చెయ్యెత్తుద్ది. అప్పుడు విందాం."

పెట్టాను. కప్పలు, నీళ్లు, ఎక్కడో పిట్ట. వదిన చెయ్యెత్తింది. మేమిద్దరం ఆ చెయ్యి వైపు చూస్తూ విన్నాం. వినబడిందనే అనుకుంటున్నాను.